రెప్పపాటు మాయ

మా మావయ్య లెక్కలో తెలుగు సినిమా 1932లో ‘భక్త ప్రహ్లాద’తో పుట్టింది, 1957 మార్చిలో ‘మాయాబజార్’తో శిఖరం ఎక్కింది, ఆ తర్వాత దిగుతూ వచ్చింది. ఆ దిగడంలోనూ ఆయన అక్కడక్కడా ఆగాడు. 1962లో ‘గుండమ్మ కథ’ దగ్గర ఆగాడు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తొలి తెలుగు సినిమాస్కోప్‌గా వచ్చి తెర వెడల్పయితే మళ్ళీ ఆగాడు. 1980లో ‘శంకరాభరణం’ దగ్గర ఏకంగా కూర్చుండిపోయాడు. 1989లో ‘శివ’లో నాగార్జున సైకిల్ చైన్ లాగిన రోజున మాత్రం లేచి నిలబడి, “ఇంక మనం ఇంటికి పోదాం” అన్నాడట.

పోలేదు. ఇవాళ్టికీ కొత్త సినిమా వచ్చిన శుక్రవారం మొదటాటకి హాల్లో ఉంటాడు. డెబ్బై దాటినా, ఎవర్నీ చెయ్యి పట్టుకోనివ్వకుండా బాల్కనీ మెట్లు ఎక్కుతాడు. “తిట్టాలన్నా టిక్కెట్టు కొనుక్కునే తిట్టాలి. చూడకుండా తిట్టడం పాపం” అనేది ఆయన నియమం. ఆ నియమమంటే నాకు చాలా గౌరవం. ట్రైలర్ చూసి సినిమాకి మార్కులు వేసేస్తున్న ఈ కాలంలో, మూడు గంటలు కుర్చీలో కూర్చుని, చివరి పేరు తెర మీంచి వెళ్ళిపోయేదాకా చదివి, ఆ తర్వాతే నోరు విప్పే ప్రేక్షకుడు ఎక్కడ దొరుకుతాడు?

తీర్పులు మాత్రం ఇంటి అరుగు మీద. తణుకు దగ్గరి పల్లెలో ఆ ఇల్లు. ఎదుటి పక్షం ఆయన చిన్న మనవరాలు. ఇంజినీరింగ్ చదువుతోంది. ఆ పిల్లకి ‘పోకిరి’ పాత సినిమా. 2006లో వచ్చినదాన్ని 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి మళ్ళీ హాళ్ళలో వేస్తే, స్నేహితురాళ్ళతో వెళ్ళి, కాగితాలు చించి ఎగరేసి, గొంతు పోయేలా అరిచి వచ్చి, “ఏమాటకామాటే తాతయ్యా, పాత సినిమాల్లో ఉన్న దమ్మే వేరు” అంది. ఆ రాత్రి మావయ్య మజ్జిగ కూడా తాగకుండా పడుకున్నాడు.

కొత్త సినిమాల మీద ఆయన మొదటి ఫిర్యాదు గడ్డాల గురించి.

“మా రోజుల్లో గడ్డం చూస్తే మనిషెవరో తెలిసిపోయేది. అయితే ఋషి, కాకపోతే మాంత్రికుడు, అదీ కాకపోతే ప్రేమ చెడినవాడు. ఇప్పుడు హీరోకి గడ్డం, హీరో తమ్ముడికి గడ్డం, విలన్‌కి గడ్డం, పట్టుకోడానికొచ్చిన పోలీసాయనకీ గడ్డమే. మొన్న ఇంటర్వెల్ దాకా విలన్‌కి చప్పట్లు కొట్టాను. పక్క కుర్చీ కుర్రాడు జాలిపడి చెప్పాడు.”

రెండోది ఇంటర్వెల్ గురించి. 2015 జూలైలో ‘బాహుబలి’ మొదటి భాగానికి నేనే తీసుకెళ్ళాను. కట్టప్ప కత్తి దించాడు, హాల్లో లైట్లు వెలిగాయి. జనమంతా లేచి వెళ్ళిపోతున్నా మావయ్య కదల్లేదు. “సోడా తాగి వస్తారులే, మన సీట్లు మనం కాచుకుందాం” అన్నాడు. తర్వాతి కథ 2017 ఏప్రిల్‌లో అని చెబితే కాసేపు నా మొహంలోకే చూశాడు.

“మా టూరింగ్ టాకీసులో ఒక్కటే ప్రొజెక్టర్. రీలు అయిపోగానే లైట్లు వేసి ఇంకోటి ఎక్కించేవారు. ఆ ఐదు నిమిషాలకే జనం ఈలలేసి గుడారం ఎగరగొట్టేవారు. ఈయనెవరో రీలు మార్చడానికి దగ్గర దగ్గర రెండేళ్ళు తీసుకుంటానంటే దేశమంతా నోరు మూసుకుని కూర్చుందా! మా కాలంలో జనానికి ఇంత ఓర్పు ఉంటే మా టాకీసువాడు మేడ కట్టేవాడు.”

చెప్పడం మర్చిపోయాను, రెండో భాగం విడుదలైన రోజున మొదటి టిక్కెట్లలో ఒకటి ఆయనదే.

నిడివి దగ్గరికొస్తే మనవరాలు కాస్త గట్టిగా తగులుకునేది. ‘పుష్ప 2’ మూడు గంటల ఇరవై నిమిషాలు. “కథ చెప్పడం చేతకాకపోతే ఇలాగే సాగుతుంది. మా సినిమాలు చకచకా పరిగెత్తేవి” అన్నాడు మావయ్య. “మరి ‘దానవీరశూరకర్ణ’ దగ్గర దగ్గర నాలుగు గంటలు కదా?” అంది ఆ పిల్ల, ఫోన్లో చూసి. మావయ్య తడుముకోలేదు.

“అందులో ఎన్టీఆర్లు ఎంతమంది?”

“కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు. ముగ్గురు.”

“మరి పంచి చూడు. ఒక్కో ఎన్టీఆర్‌కి గంటంపావు. అంతకంటే పొదుపైన సినిమా ఇంకోటి చూపించు నాకు.”

కథల అరువు గురించి కూడా ఒకసారి పెద్ద రగడే జరిగింది. ఇప్పటివాళ్ళకి సొంత కథల్లేవు, అన్నీ ఎక్కడెక్కడివో తెచ్చి అతికిస్తున్నారని ఆయన వాదన. ‘గుండమ్మ కథ’కి విఠలాచార్య కన్నడంలో తీసిన సినిమా మూలమనీ, ‘మిస్సమ్మ’కి బెంగాలీ కథ ఆధారమనీ, ‘దేవదాసు’ సరేసరి శరత్‌చంద్రుడిదనీ, ఆఖరికి ‘మాయాబజార్’ కథ కూడా అంతకుముందే 1936లో తెలుగు తెర మీదికి వచ్చిందేననీ నేనే చెప్పాను. మావయ్య చుట్ట పక్కన పెట్టాడు.

“అరువు తేవడం తప్పని నేనెప్పుడన్నాన్రా? తెచ్చిన బియ్యాన్ని మన పొయ్యి మీద వండారా లేదా అన్నదే లెక్క. సూర్యకాంతం గుమ్మంలోకొచ్చి చెయ్యి ఊపిందంటే అది ఎక్కడి కథైనా గోదావరి జిల్లా కథే. ఇప్పుడు తెచ్చింది తెచ్చినట్టే విస్తట్లో వేస్తున్నారు. ఉడకనే లేదు.”

ఆ మాటకి మనవరాలు కూడా చప్పట్లు కొట్టింది.

ఏ వాదన ఎటు తిరిగినా ఆయన ‘మాయాబజార్’ దగ్గరికే చేర్చేవాడు. అందులో పాండవులు ఒక్కరంటే ఒక్కరు తెర మీద కనిపించరు. “పాండవులు లేకుండా పాండవుల కథ చెప్పాడ్రా కె.వి. రెడ్డి! ఇప్పుడైతే ఐదుగురికీ ఐదు ఫైట్లు, భీముడికి మాత్రం రెండు” అనేవాడు. అమెరికా నుంచి కొడుకు వీడియో కాల్ చేస్తే, “దీన్ని మీరేదో కొత్తగా కనిపెట్టారనుకోకండి. శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిస్తే అభిమన్యుడు కనబడలేదూ? పైగా దానికి ఛార్జింగ్ అక్కర్లేదు” అని పిల్లలకి గుర్తుచేసేవాడు.

సావిత్రి సంగతి వస్తే మాత్రం నవ్వేవాడు కాదు. ఘటోత్కచుడు మాయాశశిరేఖగా వచ్చినప్పటి నడక, ఉన్నట్టుండి ఆడపిల్ల భుజాల్లోకి రాక్షసుడి పొగరు దిగడం, మరుక్షణంలో మళ్ళీ సిగ్గు... ఇవన్నీ అరుగు మీద లేచి నిలబడి చేసి చూపించేవాడు. “ఎస్వీ రంగారావు సావిత్రి లోపల దూరాడంటే పసిపిల్లాడు కూడా నమ్మాడు. ఏ కంప్యూటర్ చేస్తుందిరా ఆ పని?” ఈ ఒక్క విషయంలో నేను ఆయనతో ఎప్పుడూ పూర్తిగా ఏకీభవిస్తాను. ఇప్పటి కథానాయికల్లో ప్రతిభకి కొదవలేదు. అలాంటి నడక నడవడానికి వాళ్ళకి చోటిచ్చే పాత్రలు రాసేవాళ్ళే తగ్గారు.

అన్నిటికీ పైన ఆయన బ్రహ్మాస్త్రం ఒకటుండేది. పెళ్ళి భోజనం పాట. ఆ సినిమాలో ఘటోత్కచుడు విడిదింట్లో వంటకాల ముందు కూర్చునే ఘట్టం.

“ఎదురుగా గంగాళాలు. లడ్డూలు గుట్టలు పోసి ఉన్నాయి. ఎస్వీఆర్ నవ్వాడు. మాధవపెద్ది సత్యం గొంతుతో పాట ఎత్తుకున్నాడు. చెయ్యి అలా చాపాడు. ఒక్క రెప్పపాటు! అంతే, అన్నీ ఖాళీ. తినడం చూపించడ్రా. చూడు, ఎంత తెగువ కావాలి దర్శకుడికి! రాక్షసుడు తినడం చూపిస్తే అది తిండి. చూపించకపోతే అది మాయ. హాలంతా గతుక్కుమంది ఆ రోజు. వెనక బెంచీలో ముసలాయన ‘స్వామీ’ అని దణ్ణం పెట్టాడు. ఇవాళ ఐదొందల కోట్లు పెట్టి జలపాతాలు కట్టినా ఆ ఒక్క కోత కొయ్యగలరా వీళ్ళు? కెమెరా మార్కస్ బార్ట్‌లీది, మాటలు పింగళిది, సరే. కత్తెర ఉంది చూశావూ, ఆ కత్తెర దేవుడిది!”

ఈ ముక్క పెళ్ళిళ్ళలో చెప్పాడు, రైళ్ళలో చెప్పాడు, తనకి కంటి ఆపరేషన్ చేస్తున్న డాక్టరుగారికి బల్ల మీద పడుకునే చెప్పాడు. కొత్త సినిమాలో ఏ దృశ్యం కాస్త సాగినా, “రెప్పపాటులో అయిపోవాల్సింది” అని గొణిగేవాడు.

నేను ఆ సినిమా టీవీలో ఎన్నోసార్లు చూసినవాణ్ణి. అందులో ఘటోత్కచుడు తీరిగ్గా తింటాడు. పాట పొడుగునా తింటాడు. లడ్డూలు వాటంతటవే లేచి వచ్చి నోట్లో పడతాయి. అదే అసలు సరదా. ఆ మాటే చెబితే మావయ్య కొట్టిపారేసేవాడు. “టీవీవాళ్ళు అడ్వర్టైజ్‌మెంట్ల కోసం సాగదీసి ఉంటారు. నేను చూసింది అసలు ప్రింటు.”

పోనీ ఒక్కసారి కూర్చుని చూడమంటే ఒప్పుకునేవాడు కాదు. పెద్ద తెర మీద చూసిన సినిమాని పెట్టెలో చూడనని ఆయన పట్టుదల. 2010లో ‘మాయాబజార్’కి రంగులద్ది మళ్ళీ విడుదల చేసినప్పుడూ వెళ్ళలేదు. “బార్ట్‌లీ వెన్నెలకి రంగేంట్రా? వెన్నెల ఏ రంగులో ఉంటుందో ఆయనకి తెలియకనా?” అని ఆ వారమంతా అలిగి కూర్చున్నాడు.

పాతా కొత్తా పోటీలో నా మాట కూడా చెప్పాలి. పాత సినిమాలన్నీ గొప్పవని నేననుకోను. 1957లో వచ్చినవన్నీ మాయాబజార్లు కావు. నిలబడ్డవాటినే మళ్ళీ మళ్ళీ వేశారు కాబట్టి మనకి అవే గుర్తున్నాయి. ఈ శుక్రవారం వచ్చినవి మాత్రం మంచీ చెడూ అన్నీ ఒకేసారి మీద పడుతున్నాయి. ఏరిన బియ్యాన్ని ఏరని బియ్యంతో పోల్చి తీర్పు చెప్పడం న్యాయం కాదు. నిజంగా బాధపడాల్సిన విషయం ఇంకోటుంది. మావయ్య వేలెత్తి చూపించే ఆ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఇవాళ ఎక్కడా లేదు. ముప్ఫైల్లో వచ్చిన మన సినిమాల్లో చాలా వాటిదీ అదే గతి. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చిందే 1964లో. అప్పటిదాకా సినిమా అంటే ఆడినన్నాళ్ళు ఆడించి వదిలేసే సరుకు. ఒకే ప్రింటు పట్నం హాళ్ళలో తిరిగి, చిన్న ఊళ్ళకొచ్చి, చివరికి టూరింగ్ టాకీసు డేరాలోకి చేరేసరికి తెర మీద గీతల వాన కురిసేది. ఆటాటకీ ఎక్కడో ఓ చోట తెగేది. తెగినచోట ఆపరేటర్ నాలుగు ఫ్రేములు కత్తిరించి, బ్లేడుతో గీకి, ఫిల్ము సిమెంటు రాసి అతికించేవాడు. అలా ప్రతి ఊళ్ళోనూ ప్రతి సినిమా కొంచెం కొంచెం తరిగిపోయింది. పాత సినిమా గొప్పదని మురిసిపోయే మనం ఆ తరుగు సంగతి పట్టించుకోలేదు.

మావయ్య దగ్గర అలాంటి ముక్కల డబ్బా ఒకటుంది. బీరువాలో పట్టుపంచెల కింద దాచిన పాత బిస్కట్ డబ్బా. నా చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే, పరీక్షల్లో మంచి మార్కులు వచ్చిన ఏడాది మాత్రం తెరిచి చూపించేవాడు. మూత తియ్యగానే పులిసిన వాసన గుప్పుమనేది. అసిటేట్ ఫిల్ము చివికిపోతూ వెనిగర్ వాసన వేస్తుందని పెద్దయ్యాక తెలిసింది. లోపల విడి ముక్కలు కొన్ని, వాటి మధ్యన అరచేతిలో పట్టేంత చుట్ట ఒకటి. చుట్ట విప్పనిచ్చేవాడు కాదు. పైకి తేలిన కొస ఒక్కటి ఎండకేసి పట్టి చూపించేవాడు. అటూ ఇటూ చిల్లులు, మధ్యలో గోరంత బొమ్మ. ఎస్వీఆర్ కిరీటం, తెరిచిన నోరు. బొమ్మకి పక్కగా నిలువునా సన్నటి గీత వణుకుతూ పోయేది. “ఆ గీతే పాటరా. మాధవపెద్ది సత్యం గొంతు అందులో ఉంది” అనేవాడు. నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూశాను కూడా.

“ఇవన్నీ నీకెలా వచ్చాయి మావయ్యా?”

“మా ఊరి టాకీసు ఆపరేటర్ బాబాయ్ ఇచ్చాడు. తెగినప్పుడు పారేసే ముక్కలు. ఊరికే ఇస్తాడా? మీ అమ్మమ్మ చేసిన సున్నుండలు లాగు జేబులో వేసుకెళ్ళేవాణ్ణి. సున్నుండకో బారెడు.”

ఫిల్ము లెక్కలు అప్పుడు నాకు తెలియవు. అడుగుకి పదహారు బొమ్మలు, సెకనుకి ఇరవై నాలుగు. నిమిషం సినిమా అంటే తొంభై అడుగులు. చుట్టితే అరచేతిలో పట్టేస్తుంది.

ఈ మధ్య మావయ్య పెద్ద మనవరాలి పెళ్ళి జరిగింది. ముహూర్తం రాత్రి రెండు దాటాక. భోజనాలయ్యాయి, బంధువుల కళ్ళు మూతలు పడుతున్నాయి. పెళ్ళి అందరికీ కనబడాలని పందిట్లో పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టించారు. అది ఖాళీగా వెలుగుతోంది. చిన్న మనవరాలు లాప్‌టాప్ తెచ్చి తగిలించి, “తాతయ్యా, పెద్ద తెరే కావాలన్నావుగా? ఇది మీ డేరా తెర కంటే పెద్దది. నలుపూ తెలుపూ ప్రింటే. ఇంకేం వంక పెడతావో పెట్టు” అంది.

వంక దొరకలేదు. మావయ్య పట్టు కండువా సర్దుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, ఆ టాకీసు ఆపరేటర్ బాబాయ్. ఎనభై దాటాయి. చెవులు కొంచెం మందగించాయి గానీ కళ్ళు బాగా పనిచేస్తాయి. పెళ్ళికి ఆయన్ని కారు పంపి మరీ పిలిపించాడు మావయ్య.

సినిమా మొదలయ్యాక ఎవరికీ నిద్ర రాలేదు. వంటవాళ్ళు గరిటెలు పక్కన పెట్టి వచ్చారు. సన్నాయి మేళం వాళ్ళు వచ్చి నేల మీద కూర్చున్నారు. పదేళ్ళ పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా ఒకేచోట నవ్వుతుంటే, ఒకేచోట నోళ్ళు తెరుస్తుంటే, ఇది పాత సినిమా అన్న ధ్యాస ఎవరికీ లేదు. మంచి సినిమాకి వయసు పెట్టి మాట్లాడటం మన పొరపాటే.

పెళ్ళి భోజనం ఘట్టం వచ్చింది. మావయ్య లేచి జనం వైపు తిరిగాడు. “రెప్ప వెయ్యకండి. వేశారంటే పోతుంది” అని హెచ్చరించాడు.

ఘటోత్కచుడు నవ్వాడు. పాట ఎత్తుకున్నాడు. చెయ్యి చాపాడు. తినడం మొదలుపెట్టాడు. తింటూనే ఉన్నాడు. ఒళ్ళు పెంచి తిన్నాడు. లడ్డూలు లేచి వరసగా నోట్లోకి దూకుతుంటే పిల్లలు గెంతులేశారు. సన్నాయి ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మావయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు.

“ఆపండి. ఇది తర్వాత ఎవరో కలిపింది” అన్నాడు. గొంతు పెగల్లేదు. “కె.వి. రెడ్డి తియ్యలేదు ఇది. నేను చూశాను. నా దగ్గర అసలు ప్రింటుంది.”

గబగబా లోపలికెళ్ళి డబ్బా తెచ్చాడు. జీవితంలో మొదటిసారి చుట్ట కొస పట్టుకుని విప్పాడు. అట్టలా బిరుసెక్కి, అంచులు ముడతలు పడిన ఫిల్ము చిటపటమంది. చిన్న మనవరాలు దాని వెనక ఫోన్ లైటు పెట్టి ఒక్కో బొమ్మా చూసుకుంటూ వచ్చింది. సగం దాకా వచ్చేసరికి తలెత్తి తెర వైపు చూసింది. మళ్ళీ ఫిల్ము వైపు చూసింది.

“తాతయ్యా, ఇందులో కూడా తింటున్నాడు. ఇదిగో లడ్డూ గాల్లో ఉంది. ఇదిగో నోట్లో పడింది.”

మావయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు. ఏమీ అర్థంకాక పక్కకి తిరిగాడు.

“బాబాయ్, నువ్వు చెప్పు. ఇవి తెగినప్పుడు పారేసిన ముక్కలే కదా?”

ఆపరేటర్ బాబాయ్ చుట్ట అందుకున్నాడు. చూడలేదు, ముందు కొసని బొటనవేలితో తడిమాడు. కొంచెం ఏటవాలుగా ఉంది.

“తెగింది కాదురా అబ్బాయ్, కత్తిరించింది. ఏటవాలు కోత నాదే” అన్నాడు. “రెండో ఆట ఆలస్యమైతే జనరేటర్‌కి ఆయిలు దండగని మా యజమాని గోల. పాటలో ఓ ముక్క లేపెయ్యమనేవాడు. ఊరు వదిలేటప్పుడు మళ్ళీ అతికించి డబ్బా పంపించాలి. అందుకని లేపిన ముక్క పారెయ్యకుండా మేకుకి తగిలించేవాణ్ణి. రోజూ నువ్వు సున్నుండలు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడివి. లేదనబుద్ధయ్యేది కాదు. అతికిద్దామని చూసేసరికి మేకు ఖాళీ.”

పందిట్లో ఎవరూ మాట్లాడలేదు. తెర మీద పాట అయిపోయింది. మావయ్య ఆ చుట్ట వైపే చూస్తున్నాడు.

“అయితే, ఆ రెప్పపాటు...?”

“దేవుడి కత్తెర అని ఊరూరా చెబుతున్నావని విన్నాన్రా. కాదని చెప్పి నీ సంతోషం పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నాను” అంటూ బాబాయ్ ఫిల్ముని జాగ్రత్తగా చుట్టి ఆయన చేతిలో పెట్టాడు. “నీ సున్నుండలు నేను తిన్నాను. ఘటోత్కచుడి లడ్డూలు నువ్వు పట్టుకుపోయావు. మధ్యలో పస్తున్నది ఘటోత్కచుడూ, డబ్బులిచ్చి టిక్కెట్టు కొనుక్కున్న మన ఊరి జనమూను!”